ఉపగ్రహానికి హీట్‌షీల్డ్‌ సరే... పసుపుకి ఎవరు కడతారు?

సూళ్లూరుపేట నుంచి పులికాట్‌ సరస్సు మీదుగా శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. చలికాలంలో ఆ దారిలో వెళ్తే రెండు పక్కలా నీళ్లలో ఫ్లెమింగోల గుంపులు కనిపిస్తాయి. అందరూ బండి ఆపి సెల్ఫీ దిగుతారు. ఆ గులాబీ రంగు ఎక్కడిదని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. అది పుట్టుకతో వచ్చింది కాదు. పిల్ల ఫ్లెమింగో బూడిద రంగులోనే ఉంటుంది. అది తినే నాచులో, చిన్న చిన్న రొయ్యజాతి జీవుల్లో ఉండే కెరోటినాయిడ్లు ఒంట్లో చేరి, ఈకల దాకా వెళ్లి ఆ రంగు తెస్తాయి. క్యారెట్‌కి, మామిడిపండుకి రంగునిచ్చేదీ ఆ కుటుంబమే.

అదే రోడ్డు చివర మన రాకెట్లు ఎగురుతాయి. 2023 జులై 14న చంద్రయాన్‌-3ని మోసుకెళ్లిన ఎల్‌వీఎం-3 కొసన ఒక కవచం ఉంటుంది. దాన్నే హీట్‌షీల్డ్‌ అంటారు. గాలి రాపిడినీ వేడినీ అది భరిస్తుంది. దాదాపు 115 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లాక ఇక దాని అవసరం లేదు కాబట్టి రెండుగా విడిపోయి కింద పడిపోతుంది. ముందే విడిపోతే ఉపగ్రహం పాడవుతుంది. అసలు విడిపోకపోతే? 2017 ఆగస్టు 31న ఇదే షార్‌ నుంచి వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సి39లో సరిగ్గా అదే జరిగింది. కవచం ఊడలేదు. ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్‌-1హెచ్‌ ఉపగ్రహం లోపలే చిక్కుకుపోయింది.

ఈ పక్షుల కథనీ రాకెట్‌ కథనీ కలిపితే మీరు పెద్దగా విని ఉండని ఒక ఉద్యోగం వస్తుంది. మొక్కల్లో ఉండే మేలైన పదార్థాలకి కంటికి కనిపించనంత చిన్న కవచం తొడిగి, తినే తిండిలో కలిపి, కడుపులో సరైన చోట విడిపోయేలా చేయడం. దీని పేరు మైక్రోఎన్‌క్యాప్సులేషన్‌. మన జిల్లాల కుర్రాళ్లు, అమ్మాయిలు ఈ పనిని సీరియస్‌గా తీసుకోవాలన్నది నా అభిప్రాయం. అయితే బ్రోచర్లలో రాసినంత తేలిగ్గా మాత్రం కాదు.

అసలు సమస్య ఏంటి?

పసుపునే తీసుకోండి. దుంపలో కర్క్యుమిన్‌ ఉండేది సుమారు 3 శాతం. అది నీళ్లలో కరగదు. వెలుతురు తగిలితే పాడవుతుంది. పేగుల్లో క్షార వాతావరణం వస్తే విరిగిపోతుంది. ఒంటికి పట్టేది చాలా తక్కువ. నేరేడు పండు ఊదా రంగు ఆంథోసయనిన్లది. పులుపు తగ్గితే, వేడి తగిలితే ఆ రంగూ పోతుంది, గుణమూ పోతుంది. బీట్‌రూట్‌ ఎరుపూ అంతే. ఉసిరిలోని విటమిన్‌-సి సంగతి ఇక చెప్పక్కర్లేదు.

వీటిని బిస్కెట్‌లో కలిపి ఓవెన్‌లో కాలిస్తే, ఆరు నెలలు షాపులో ఉంచితే, ఆ తర్వాత కడుపులోని ఆమ్లం దాటిస్తే చివరికి మిగిలేది ఎంత? ప్యాకెట్‌ మీద పేరు మిగులుతుంది, లోపల పదార్థం మిగలదు. అందుకే కవచం కావాలి.

కవచం దేనితో చేస్తారు? జిగురు లాంటి గమ్‌ అరబిక్‌, పిండి పదార్థం నుంచి వచ్చే మాల్టోడెక్స్‌ట్రిన్‌, పాల విరుగుడు ప్రొటీన్‌, సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్‌... ఇవన్నీ తినదగినవే. మొక్క సారాన్ని ఈ ద్రావణంలో కలిపి, వేడి గాలి తిరిగే పెద్ద గదిలోకి తుంపరగా చిమ్ముతారు. లోపలికి వచ్చే గాలి 150 నుంచి 200 డిగ్రీల దాకా ఉంటుంది. తుంపర చుక్క మాత్రం క్షణాల్లో ఆరిపోతుంది కాబట్టి అంత వేడి దానికి ఎక్కదు. కిందకి పొడి రాలుతుంది. దీన్నే స్ప్రే డ్రైయింగ్‌ అంటారు. మీ ఇంట్లో పాలపొడి, ఇన్‌స్టంట్‌ కాఫీ తయారయ్యేదీ ఈ రకం యంత్రంలోనే. అంటే ఇదేదో అమెరికాలో మాత్రమే ఉండే విద్య కాదు.

ఇంకో సంగతి. ఈ విద్య మొదట పెద్దఎత్తున వాడింది తిండికి కాదు. 1950ల్లో ఎన్‌సీఆర్‌ అనే అమెరికా కంపెనీ కార్బన్‌ పేపర్‌ అక్కర్లేని బిల్లు కాగితం కోసం రంగును బుల్లి గుళికల్లో పెట్టింది. పెన్నుతో ఒత్తితే గుళిక పగిలి కింద కాగితం మీద అక్షరం పడేది. అక్కడ గుళికని పగలగొట్టేది పెన్ను ఒత్తిడి. ఇక్కడ మన పేగు. తేడా అంతే.

మన మామిడి తొక్క ఎటు పోతోంది?

చిత్తూరు, తిరుపతి జిల్లాల వాళ్లకి తోతాపురి గురించి నేను చెప్పాల్సిన పని లేదు. 2025 సీజన్‌లో ధర పడిపోయి, ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు రైతుకి ఇవ్వాల్సి వచ్చింది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు వరసలో నిలబడ్డాయి. ఆ వరసలో మీ నాన్నో మేనమామో ఉండి ఉండొచ్చు.

పండు బరువులో మూడో వంతు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ, తొక్కా టెంకే. గుజ్జు డ్రమ్ముల్లోకి ఎక్కి ఎగుమతికి పోతుంది. తొక్కలో మాంగిఫెరిన్‌, గాలిక్‌ ఆమ్లం లాంటి పాలీఫినాల్స్‌ ఉంటాయి. పరిశోధన పత్రాల్లో వీటి గురించి బోలెడు ఉంది. ఫ్యాక్టరీ వెనక మాత్రం అది చెత్త.

ఇక్కడే నేను మిమ్మల్ని ఆపుతాను. 'ఓహో, తొక్క నుంచి కోట్లు' అని వెంటనే స్టార్టప్‌ పిచ్‌ రాయడం మొదలుపెట్టకండి. తొక్క కొన్ని గంటల్లోనే పులిసిపోతుంది. ఆరబెట్టాలంటే ఖర్చు. తొక్క మీద పురుగుమందు అవశేషాలు ఉన్నాయేమో పరీక్షించాలి. సీజన్‌ ఉండేది కొన్ని వారాలే, యంత్రం మాత్రం ఏడాదంతా నడవాలి. సారం తీశాక కవచం కట్టడం చివరి మెట్టు మాత్రమే. ఈ లెక్కలన్నీ వేయగలిగిన మనిషి కావాలి. ఆ మనిషి మన జిల్లాల్లో దొరకడం లేదు. రైతు దగ్గర పండుంది, ఫ్యాక్టరీ దగ్గర యంత్రముంది, మధ్యలో ఉండాల్సిన సైన్సు తెలిసిన కుర్రాడు హైదరాబాద్‌ హాస్టల్లో మరో కోడింగ్‌ కోర్సులో చేరుతున్నాడు.

కోడింగ్‌ తప్పు కాదు. అందరూ అదే చేయడం తప్పు.

ప్రచారం నమ్మొద్దు, మీరూ చేయొద్దు

ఈ రంగంలో అబద్ధాలు ఎక్కువ. ముందే చెప్పేస్తున్నా. 'రోగనిరోధక శక్తి పెంచే', 'షుగర్‌ తగ్గించే' అని రాసి అమ్మే పొడులు మీ వీధి మెడికల్‌ షాపులోనే పది రకాలు ఉంటాయి. ఉద్యోగం పేరుతో మిమ్మల్ని వాటికి సేల్స్‌ ఏజెంట్లుగా మార్చే సంస్థలూ ఉంటాయి. డిపాజిట్‌ కట్టమన్నా, బంధువులకి అమ్మమన్నా అది ఫుడ్‌ సైన్స్‌ ఉద్యోగం కాదు. లేచి వచ్చేయండి.

కర్క్యుమిన్‌ కథే చూడండి. 1998లో బెంగళూరులోని సెయింట్‌ జాన్స్‌ మెడికల్‌ కాలేజీ పరిశోధకులు కొద్దిమంది వలంటీర్లకి 2 గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు మిరియాల్లోని పిపరిన్‌ 20 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. రక్తంలోకి చేరేది 20 రెట్లు పెరిగిందని రాశారు. అప్పటి నుంచి ప్రపంచమంతా ఆ అంకెనే డబ్బాల మీద అచ్చు వేస్తోంది. కానీ 20 రెట్లు అన్నది దేనికి 20 రెట్లు? దాదాపు సున్నాకి. 2017లో జర్నల్‌ ఆఫ్‌ మెడిసినల్‌ కెమిస్ట్రీలో వచ్చిన ఒక సమీక్ష ఇంకా కటువుగా మాట్లాడింది. కర్క్యుమిన్‌ నిలకడ లేని పదార్థమనీ, ఒంటికి పట్టదనీ, పకడ్బందీ పరీక్షల్లో మందుగా నెగ్గలేదనీ తేల్చింది.

అంటే కవచం కడితే అంతా సరిపోతుందా? కాదు. కవచం పదార్థాన్ని పేగు దాకా చేరుస్తుంది. చేరాక అది పని చేస్తుందా లేదా అన్నది వేరే ప్రశ్న. ఈ రెండింటినీ కలిపి మాట్లాడేవాళ్ల దగ్గర జాగ్రత్త. నా దృష్టిలో ఈ రంగంలో మంచి ఉద్యోగి ఎవరంటే, మార్కెటింగ్‌ వాళ్లు 'క్యాన్సర్‌ రాదు అని రాద్దామా' అంటే 'రాయలేం సార్‌, మన దగ్గర డేటా లేదు' అని చెప్పగలిగినవాళ్లు. చట్టం కూడా మీ వైపే ఉంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2016లో న్యూట్రాస్యూటికల్స్‌, ఫంక్షనల్‌ ఫుడ్స్‌కి నిబంధనలు తెచ్చింది. 2018లో ప్రకటనలకీ, ఆరోగ్య వాగ్దానాలకీ విడిగా నిబంధనలు వచ్చాయి. ఇంటర్వ్యూకి వెళ్లే ముందు ఈ రెండూ చదవండి. చదివి వచ్చేవాళ్లు తక్కువ కాబట్టి మీకే లాభం.

ప్లాస్టిక్‌ బియ్యం గుర్తుందా?

రేషన్‌ బియ్యంలో కొన్ని గింజలు నీళ్లలో తేలుతున్నాయని, ప్లాస్టిక్‌ బియ్యం ఇస్తున్నారని మన ఊళ్లలో ఎంత గోల జరిగిందో మీకు తెలుసు. అవి ప్లాస్టిక్‌ కాదు. బియ్యప్పిండిలో ఐరన్‌, ఫోలిక్‌ యాసిడ్‌, బి-12 విటమిన్‌ కలిపి, మిషన్‌లో మళ్లీ గింజ ఆకారంలో ఒత్తినవి. మామూలు బియ్యం వంద గింజలకి ఒకటి చొప్పున కలిపారు. పోషకాన్ని పిండి గోడల మధ్య బంధించడమే ఇది. మన విషయానికి దగ్గరి చుట్టమే. అందులో కలిసే ఫోలిక్‌ యాసిడ్‌ని 1940ల్లో అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో తయారు చేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు.

ఉప్పులోనూ ఇలాంటి చిక్కే వచ్చింది. అయొడిన్‌ ఉన్న ఉప్పులో ఐరన్‌ కూడా కలిపితే రెండూ ఒకదానితో ఒకటి పడవు. రంగు మారుతుంది, అయొడిన్‌ పోతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు దీనికి ఒక పదార్థంతో స్థిరత్వం తెచ్చే దారి కనిపెట్టారు. కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయం వాళ్లు ఐరన్‌కి పూత పెట్టి విడిగా ఉంచే దారి పట్టారు. ఆ పూత పెట్టిన రకాన్ని ఉత్తరప్రదేశ్‌లో రేషన్‌ షాపుల ద్వారా పంచారు.

ఇవి ఎందుకు చెప్పానంటే, ఈ విద్య అసలు విలువ ఖరీదైన డబ్బాల్లో లేదు. రక్తహీనత ఉన్న అమ్మాయి తినే అన్నంలో ఉంది. అయితే సైన్సు ఎంత బాగున్నా, రేషన్‌ షాపు ముందు నిలబడ్డ పెద్దమ్మకి 'ఇది ప్లాస్టిక్‌ కాదమ్మా, ఇందుకు తేలుతోంది' అని తెలుగులో చెప్పేవాళ్లు లేకపోతే ఆ గింజలు ఏరి బయట పారేస్తారు. పారేశారు కూడా. ఆ మాట చెప్పాల్సింది మీరే.

కంపెనీలు ఏం అడుగుతాయి?

తడ దాటితే శ్రీసిటీ. అక్కడ మాండలీజ్‌ చాక్లెట్‌ ఫ్యాక్టరీ ఉంది, కెల్లాగ్స్‌ ఉంది. మన పిల్లలు చాలామంది అక్కడ ప్యాకింగ్‌ లైన్‌లో కాంట్రాక్టు మీద పని చేస్తున్నారు. ఆ పనిని నేను చిన్నచూపు చూడను. కానీ అదే గేటు లోపల క్వాలిటీ ల్యాబ్‌ ఉంటుంది, ప్రాసెస్‌ విభాగం ఉంటుంది. బస్సు ఒకటే, దిగాక వెళ్లే బ్లాకు వేరు. ఆ బ్లాకు మార్చేది మీ చేతిలో ఉన్న పని.

ఒక కాలేజీలో ఫైనలియర్‌ పిల్లల్ని అడిగాను, మైక్రోఎన్‌క్యాప్సులేషన్‌ అంటే ఏంటని. నిర్వచనం టకటకా చెప్పేశారు. పొడి గడ్డకడితే ఏం చేస్తావని అడిగితే నిశ్శబ్దం. తప్పు వాళ్లది కాదు. ఆ కాలేజీలో స్ప్రే డ్రైయర్‌ ఫొటోలోనే ఉంది.

మీరు నేర్చుకోవాల్సినవి ఇవి:

ఒకటి, లెక్క. మొత్తం పదార్థంలో గుళిక లోపలికి వెళ్లిందెంత, పైన అంటుకుని ఉండిపోయిందెంత? మొత్తంలోంచి పైన ఉన్నది తీసేసి శాతం కడితే అదే ఎన్‌క్యాప్సులేషన్‌ ఎఫిషియెన్సీ. ఇది చేత్తో కొలిచి చూసి ఉండాలి.

రెండు, విడుదల పరీక్ష. 37 డిగ్రీల దగ్గర, పీహెచ్‌ 3లో రెండు గంటలు కడుపులాగా, ఆ తర్వాత పీహెచ్‌ 7లో రెండు గంటలు పేగులాగా ఉంచి, ఎప్పుడు ఎంత బయటికి వచ్చిందో గీత గీయాలి. కడుపులోనే మొత్తం విడుదలైతే మీ హీట్‌షీల్డ్‌ ముందే ఊడినట్టు. పేగులోనూ రాకపోతే సి39 కథే.

మూడు, తేమ. మన కోస్తా గాలిలో పొడి డబ్బా మూత తీసి అరగంట ఉంచితే చాలు, ముద్ద కడుతుంది. చక్కెరలు ఎక్కువున్న పండ్ల రసమైతే డ్రైయర్‌ గోడలకే అతుక్కుంటుంది. మాల్టోడెక్స్‌ట్రిన్‌ ఎందుకు కలుపుతారో, ఎంత కలిపితే అసలు సరుకు పలచనైపోతుందో తెలియాలి.

నాలుగు, లేబుల్‌. రొయ్య పొట్టు నుంచి తీసే కైటోసాన్‌ మంచి పూత. నెల్లూరు తీరంలో ఆ పొట్టుకి కరువు లేదు. కానీ అది వాడిన తిండి మీద శాకాహారపు పచ్చ చుక్క పెట్టలేరు. రొయ్య పడనివాళ్ల సంగతీ చూసుకోవాలి. జెలటిన్‌దీ ఇదే చిక్కు. ఈ మాట ఇంటర్వ్యూలో మీరే ముందు ఎత్తితే ఎదుటివాళ్లు కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు.

డ్రైయర్‌ లేదని కూర్చోకండి

కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో చేయగలిగిన పని ఒకటి చెప్తాను. సోడియం ఆల్జినేట్‌ 2 శాతం ద్రావణం చేయండి. అందులో వడగట్టిన బీట్‌రూట్‌ రసం కలపండి. సిరంజితో చుక్క చుక్కగా కాల్షియం క్లోరైడ్‌ ద్రావణంలో వేయండి. పడిన చుక్క పడినట్టే ఎర్రటి పూసగా గట్టిపడుతుంది. చూడ్డానికి భలే ఉంటుంది. వీడియో తీయండి, తప్పులేదు.

కాసేపు ఆగి చూడండి. చుట్టూ ఉన్న నీళ్లు ఎర్రబడతాయి. పూసలోని రంగు కారిపోతోంది. ఆల్జినేట్‌ వల కన్నాలు పెద్దవి, నీళ్లలో కరిగే చిన్న అణువుల్ని అది పట్టి ఉంచలేదు. ఇప్పుడు అసలు పని మొదలవుతుంది. ఎంతసేపట్లో ఎంత కారింది? ద్రావణం చిక్కగా చేస్తే తగ్గిందా? పైన ఇంకో పూత వేస్తే? కలరీమీటర్‌తో కొలిచి నోట్‌బుక్‌లో రాయండి. అన్నీ సక్సెస్‌ అని రాసిన ప్రాజెక్టు రిపోర్ట్‌ కన్నా 'ఇక్కడ ఫెయిలైంది, ఇందుకు ఫెయిలైంది' అని రాసిన పది పేజీలు మీకు ఉద్యోగం తెచ్చే అవకాశం ఎక్కువ.

దారులు ఇవీ

ఇంటర్‌ అయినవాళ్లకి ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద బాపట్ల, పులివెందులలో ఫుడ్‌ టెక్నాలజీ బీటెక్‌ ఉంది. తిరుపతిలోనే వెటర్నరీ విశ్వవిద్యాలయం కింద డెయిరీ టెక్నాలజీ కాలేజీ ఉంది. స్ప్రే డ్రైయింగ్‌ నేర్చుకోడానికి డెయిరీని మించిన బడి లేదు. జేఈఈ మెయిన్‌ రాసినవాళ్లు హర్యానాలోని కుండ్లి, తమిళనాడులోని తంజావూరు నిఫ్టెమ్‌లు చూడొచ్చు.

డిగ్రీలో కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ చదివినవాళ్లూ వెనకబడినట్టేం కాదు. గేట్‌లో లైఫ్‌ సైన్సెస్‌ పేపర్‌లో ఫుడ్‌ టెక్నాలజీ ఒక విభాగం. మైసూరులో 1950 నుంచి నడుస్తున్న సీఎఫ్‌టీఆర్‌ఐలో ఎమ్మెస్సీ ఫుడ్‌ టెక్నాలజీ ఉంది. ఫుడ్‌ సేఫ్టీ ఆఫీసర్‌ ఉద్యోగానికి ఫుడ్‌ టెక్నాలజీతో పాటు బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ డిగ్రీలూ, కెమిస్ట్రీ పీజీ కూడా అర్హతలే. సొంతంగా చిన్న యూనిట్‌ పెట్టాలనుకునేవాళ్లకి కేంద్రం 2020లో తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద ప్రాజెక్టు వ్యయంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా సబ్సిడీ ఇస్తూ వచ్చారు.

జీతం గురించీ దాచను. మొదటి రెండు మూడేళ్లు ఐటీలో చేరిన మీ ఫ్రెండ్‌ కన్నా తక్కువే వస్తుంది. షిఫ్టులు ఉంటాయి. కానీ ఈ పని ఇంటికి దగ్గర్లో ఉంటుంది, నేర్చుకున్నది మీతోనే ఉంటుంది.

అడగాల్సింది మనమే

ప్రభుత్వానికీ యూనివర్సిటీలకీ ఒక మాట. ప్రతి కాలేజీకీ స్ప్రే డ్రైయర్‌ కొనమని అడగడం లేదు. చిత్తూరు, తిరుపతి జిల్లాలకి కలిపి ఒక్క పైలట్‌ ప్లాంట్‌ పెట్టండి. పిల్లలు ఫీజు కట్టి, టైమ్‌ బుక్‌ చేసుకుని వాడుకుంటారు. మామిడి సీజన్‌లో ఫ్యాక్టరీలూ వాడుకుంటాయి. కిలోకు 4 రూపాయలు ఆ ఏడాదికి రైతుని ఆదుకుంటాయి. తొక్కకి కూడా ధర పలికితే వచ్చే ఏడాది ఆ 4 రూపాయల అవసరం కొంతైనా తగ్గుతుంది.

షార్‌లో ఉద్యోగం కల కనడం మానేయమని నేను చెప్పను. ఆ గేటు మాత్రం ఇరుకు, బయట నిలబడేవాళ్లు వేలల్లో ఉంటారు. పైగా అంతరిక్షానికీ తిండి కావాలి. 2025లో శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రానికి వెళ్లినప్పుడు క్యారెట్‌ హల్వా, పెసరపప్పు హల్వా, మామిడి రసం తీసుకెళ్లారు. వాటి వెనక ఇస్రోతో పాటు మైసూరులోని రక్షణ ఆహార పరిశోధన సంస్థ వాళ్ల పనీ ఉంది. రేపు నెలల తరబడి సాగే యాత్రల్లో తిండిలో విటమిన్లు చెడకుండా ఉంచడం పెద్ద తలనొప్పి కాబోతోంది. ఆ పని రాకెట్‌ ఇంజినీర్‌ది కాదు.

ఈ వారం ఒక్క పని చేయండి. మీ ఇంట్లో ఉన్న ఏదైనా 'హెల్త్‌' డబ్బా తీసి వెనక లేబుల్‌ చదవండి. మాల్టోడెక్స్‌ట్రిన్‌, గమ్‌ అరబిక్‌, మాడిఫైడ్‌ స్టార్చ్‌ అని ఏదైనా కనిపిస్తే అదెందుకు ఉందో కనుక్కోండి. ముందు వాగ్దానం, వెనక లేబుల్‌... రెండింటికీ పొంతన ఉందో లేదో ఒక పేజీ రాయండి. ఆ పేజీతో ఇంటర్వ్యూకి వెళ్లండి.